గుండీల మంత్రి

ఉట్నూరు,
28 జూన్ 1964

కొమురెల్లి బాపుకు సక్కుబాయి నమస్కరించి రాయునది.

నేను క్షేమంగా చేరాను. ఆర్మూరులో బస్సు మారి, నిర్మల్ దాటి, గుడిహత్నూరులో దిగాను. అక్కడి నుంచి ఉట్నూరుకు జీపు. ముందర నలుగురు, వెనక పదకొండు మంది, నా ఒళ్ళో ఎవరిదో మేకపిల్ల. ముగ్గురు కొడుకులను మోసినదాన్ని కాబట్టి అది నాకు బరువనిపించలేదు. పైగా దారి పొడుగునా ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

మేము పన్నెండు మంది ఆడవాళ్ళం ఒక రేకుల షెడ్డులో ఉంటున్నాం. నా పక్క చాప దేవవ్వది, ఆసిఫాబాదు వైపు పిల్ల. ఐదు నెలల్లో మమ్మల్ని బాల్వాడి టీచర్లను చేస్తారట. మూడేండ్ల నుంచి ఐదేండ్ల దాకా పిల్లలకు ఆటా పాటా నేర్పడం మా పని. పెద్ద టీచరమ్మ చెప్పిన మొదటి పాఠం ఇది: "పిల్లలను కొట్టరాదు, తిట్టరాదు, భయపెట్టరాదు." నేను చేయి ఎత్తి, "పిల్లలే మనను కొడితే?" అని అడిగాను. అందరూ నవ్వారు. నేను నవ్వులాటకు అడగలేదు.

ఇక మన పోరగాండ్ల సంగతి. పెద్దోడు కొమురెల్లికి తొమ్మిదేండ్లు వచ్చినా మెడ వెనక నీళ్ళు పోసుకోడు, మీరే చూడాలి. బాలమల్లును ఏ పని గురించి అడిగినా "అయింది" అంటాడు. ఏడేండ్ల నుంచి అదే మాట. కాని పనికే గట్టిగా అంటాడు. భూమన్నకు చల్లలో అన్నం మెత్తగా పిసికి పెట్టండి, మిరపకాయ చూపించకండి.

నేను బయలుదేరినప్పుడు చిన్నోడు నిద్రలో ఉన్నాడు. లేచి ఏమన్నాడు? దాచకుండా రాయండి.

మీ అక్క శంకరవ్వ వదినె వాకిట్లో నిలబడి, "ఐదు నెలలు గాదు, మూడు వారాలల్ల ఏడ్సుకుంట ఉరికొస్తవ్" అన్నది. మీరు అందరి ముందర, "పోనియ్యక్కా, ఇల్లు నేను జూస్కుంట" అన్నారు. బియ్యం మూటకంటే ఆ మాటనే గట్టిగా కట్టుకొని వచ్చాను.

ఇట్లు,
సక్కుబాయి

•

మెట్‌పల్లి,
9 జూలై 1964

చి.ల.సౌ. సక్కుబాయికి హనుమండ్లు ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ మేమందరం క్షేమం. ఏ లోటూ లేదు. ఇల్లు నువ్వు పెట్టిపోయినట్టే ఉంది. నాది ఉర్దూ చదువని, తెలుగు అక్షరాలు పెళ్ళయినాక నువ్వు నేర్పినవేనని నీకు ఎరుకే. తప్పులుంటే అవి నేర్పిన పంతులమ్మవే.

భూమన్న లేచి ఇల్లంతా తిరిగాడు. కుట్టు మిషిను కింద కూడా వంగి చూశాడు. "అవ్వ యాడ బోయింది?" అన్నాడు.

"బడికి బోయింది."

"అవ్వ గంత పెద్దగున్నది గద, ఇంక బడేంది?"

"సదువు రాలే బిడ్డా, గందుకే."

అప్పటి నుంచి అంగీ కొలతలిద్దామని వచ్చిన ప్రతి మనిషికీ, "మా అవ్వకు సదువొస్తలేదు, గందుకే దూరం బడ్ల ఏసిన్రు" అని చెప్తున్నాడు. ఇద్దరు ముగ్గురు నన్ను ఓదార్చి పోయారు.

నువ్వు రాసిన పాఠం ప్రకారం నేను కొట్టడం మానేశాను. మొన్న బాలమల్లు, పటేలు గారు అంగీకి ఇచ్చిన తెల్లగుడ్డ కప్పుకొని, కండ్ల దగ్గర కత్తెరతో రెండు రంధ్రాలు చేసుకొని, దయ్యమై వీధి మీద పడ్డాడు. నా చేయి లేచింది. దించాను. కూర్చోబెట్టి కథ చెప్పాను. కథలో ఒక పోరడు పరాయి గుడ్డ కోస్తే పటేలు ఆ ఇంటిల్లిపాదినీ ఊరి నుంచి వెళ్ళగొట్టాడు. వాడు ఎంతో శ్రద్ధగా విని, "ఏ ఊరికి బోయిన్రు బాపూ?" అన్నాడు. నోటికి వచ్చినట్టు "ఉట్నూరు" అన్నాను. వాడి ముఖం వెలిగిపోయింది. ఆ రోజు నుంచి కత్తెరలన్నీ దూలం మీద పెడుతున్నాను. గుడ్డ గురించి బెంగపడకు. రెండు రంధ్రాల మీద రెండు జేబులు కుట్టాను. జేబులు మరీ భుజాల దగ్గరికి వచ్చాయి గానీ, ఇది హైదరాబాదు ఫ్యాషనని చెప్పాను. పటేలు ఇంకో అంగీకి కూడా అట్లాగే పెట్టమన్నారు.

కొన్ని సంగతులు ఊరికే అడుగుతున్నాను. అన్నం మాడిన గిన్నెను ఏం పెట్టి తోముతావు? బూడిదతో చూశాను, ఇసుకతో చూశాను. పెద్దోడు ఉలితో చూశాడు. ఇప్పుడు తోమే అవసరం లేదు, అడుగు లేదు. ఇంకొకటి: బట్టలకు పెట్టే నీలిమందు తలకు పూసుకుంటే ఎన్నాళ్ళకు పోతుంది? ఎవరి తలకూ కాదు. బాలమల్లు తలకు అసలే కాదు.

అక్క రోజుకు రెండు పూటలు వచ్చి తొంగిచూస్తున్నది. "పోరగాండ్లు బక్కగైతున్రు, సక్కుబాయిని పిలిపియ్యి రా" అంటుంది. "జర ఓపిక వట్టక్కా, ఫికర్ జెయ్యకు" అంటున్నాను. శిక్షణ అయినాక నీకు కొలువు మెట్‌పల్లిలోనే ఇస్తారు గదా? అక్క అడిగింది.

ఇట్లు,
హనుమండ్లు

•

ఉట్నూరు,
18 జూలై 1964

కొమురెల్లి బాపుకు సక్కుబాయి నమస్కారాలు.

మీ ఉత్తరం దేవవ్వకు చదివి వినిపించాను. "అయ్యో, మీ ఆయన ఎంత మంచిగ సంబాళిస్తుండు!" అంది. ఆమెకు ఇంకా పెళ్ళి కాలేదు.

ఎవరి తలకూ అంటని ఆ నీలిమందుకు కుంకుడు రసం పెట్టి రుద్దండి. ఎవరికీ కాకపోయినా కండ్లు మండుతాయి, గట్టిగా మూసుకోమనండి. గిన్నె పోతే పోయింది. ఉలిని మాత్రం పెద్దోడి చేతి నుంచి తీసుకోండి.

నాకు ఇక్కడ గొప్ప మర్యాద జరుగుతున్నది. మమ్మల్ని ఒక్కొక్కరిని ఒక్కో గూడేనికి పంపారు, పాఠం చెప్పి చూపించాలని. నా గూడెం రెండు కోసుల నడక. మధ్యలో టేకు అడివి, ఒక వాగు. కొత్త చీర కట్టుకొని, పాటల పుస్తకం పట్టుకొని పోయాను. పదహారు మంది పిల్లలు. నన్ను చూడగానే పద్నాలుగు మంది జొన్నచేలలోకి ఉరికారు. మిగిలిన ఇద్దరికీ ఇంకా నడక రాదు. వాళ్ళకే పాట పాడి వచ్చాను. మా అవ్వగారి ఊళ్ళో విన్న గోండి మాటలు నాకు నాలుగే వచ్చు. ఆ నాలుగూ చెప్పేశాక, నేనూ ఆ ఇద్దరూ ఒకరి ముఖం ఒకరం చూసుకుంటూ కూర్చున్నాం.

మీ దగ్గర కత్తిరింపు ముక్కలుంటాయి గదా, రంగురంగులవి. పారేయకండి. పోగుచేసి పంపితే గుడ్డ బంతులు చేస్తాను. మాటలకు రాని పిల్లలు బంతికి వస్తారేమో.

టీచరమ్మ ఇంకో పాఠం చెప్పింది. ప్రతి పిల్లవాడూ తాను పెద్దవాడినని అనిపించుకోవాలనుకుంటాడట. పని అప్పగించి, ఆ పనికి ఒక పేరు పెడితే అల్లరి తగ్గుతుందట. మన ముగ్గురికీ పనులు పంచి చూడండి.

కొలువు సంగతా? ఇంకా పాఠాలే సగం కాలేదు. అప్పటి సంగతి అప్పుడు.

సక్కుబాయి

•

మెట్‌పల్లి,
3 ఆగస్టు 1964

చి.ల.సౌ. సక్కుబాయికి ఆశీస్సులు.

మీ టీచరమ్మ చెప్పినట్టే ఇంట్లో మంత్రులను పెట్టాను. కొమురెల్లి వంట మంత్రి. బాలమల్లు నీళ్ళ మంత్రి. భూమన్న గుండీల మంత్రి. ఒక బీడీల డబ్బాలో గుండీలన్నీ పోసి వాడి ఒళ్ళో పెట్టాను. మిషిను పక్కనే పీట మీద కూర్చుంటాడు. నేను అడిగితే తీసి ఇస్తాడు. మొదటి రోజే పదవి తలకెక్కింది. కోమటి భూమయ్య గారి అంగీకి గుండీలు అడిగితే, "గాయనకు ఇయ్య. గాయన నన్ను బుడ్డోడ అన్నడు" అన్నాడు. ఆయన, "తప్పైంది మంత్రిగారూ" అని దండం పెట్టాకే నాలుగు గుండీలు బయటికి వచ్చాయి.

అంతా బాగానే ఉండేది. ఒక ఆసామి పెండ్లి కోటుకని ఆరు ముత్యపు చిప్ప గుండీలు తెచ్చి ఇచ్చాడు, చిన్నవి, చక్కగా మెరిసేవి. కుట్టబోతే ఐదే ఉన్నాయి. ఇల్లంతా ఊడ్చాం. చివరికి మంత్రిని విచారించాను.

"గుండీ ఏది రా?"

"పైలంగ వెట్టిన బాపూ."

"యాడ వెట్టినవ్?"

అంగీ పైకెత్తి పొట్ట చూపించాడు.

వాణ్ని ఎత్తుకొని దవాఖానకు ఉరికాను. డాక్టరు పొట్ట నొక్కి చూసి, "అరటిపండ్లు తినిపియ్యి, ఆగు" అన్నాడు. ఆగాము. మూడో రోజు గుండీ దొరికింది. ఎట్లా దొరికిందని అడగకు. అక్క మాత్రం అడిగి తెలుసుకొని రెండు వీధులకు చెప్పింది. ఆ గుండీని కోటుకు కుట్టలేదు, ఒట్టు. జతకు దొరకక ఆరూ మార్చాను. ఇప్పుడు మంత్రిగారి డబ్బాకు మూత పెట్టి, మూతకు తాడు కట్టాను.

ముక్కలు పోగుచేసి, నేనూ పోరగాండ్లూ కలిసి ఇక్కడే నలభై బంతులు కుట్టాం. బస్సు కండక్టరు చేతికి మూట ఇస్తున్నాను. నాలుగు రోజుల కిందనే పంపవలసింది, ఆలస్యమైంది. కారణం ఏమీ లేదు.

హనుమండ్లు

•

మెట్‌పల్లి,
ఆదివారం

అవ్వకు కొమురెల్లి దండం వెట్టి రాసేది.

గీ కాగితం ఎర్ర బంతి లోపట వెట్టి కుట్టిన. బాపుకు ఎరుక లేదు. బాపు అన్ని రాస్తలేడు, గందుకే నేను రాస్తున్న.

మొన్న బుధవారం బాలమల్లు తప్పిపోయిండు. బడికి పోతున్న అని జెప్పి, బంతుల మూట నెత్తిన వెట్టుకొని ఉట్నూరుకు నడుసుకుంట బయలెల్లిండు. నీకు వాడే ఇయ్యాలె అనుకున్నడట. కని ఆర్మూర్ తొవ్వ వట్టలే, కోరుట్ల తొవ్వ వట్టిండు. కోరుట్ల దగ్గరికి పోయినంక బండాయన ఒకాయన ఆపి, యాడికి రా పొల్లగా అంటే, ఉట్నూరు మా అవ్వకాడికి అన్నడట. గాయన, ఉట్నూరు నీ ఈపు దిక్కున్నది రా అని బండ్ల ఎక్కిచ్చుకొని తోలుకొచ్చిండు.

పొద్దు గూకే దాక దొర్కలే. బాపు బాయిలన్ని తొంగి జూసిండు. తర్వాత బస్టాండ్ల నిలవడి ఏడ్సిండు. నేను జూసిన. జూడనట్టు జేసిన. వాడు వచ్చినంక బాపు కొట్టలే, తిట్టలే. కూసోవెట్టి కాళ్ళు కడిగిండు. కాళ్ళకు బొబ్బలు వచ్చినయ్.

బువ్వ ఇప్పుడు మంచిగనే అయితుంది. మాడిన దినం బాపు అడుగుది తింటడు, మాకు మీదిది వెడుతడు. భూమన్న నిన్న నన్ను, అవ్వ ముఖం ఎట్లుంటది అని అడిగిండు. నేను జెప్పిన. ముక్కు కాడ పుట్టుమచ్చ సుత జెప్పిన.

నువ్వు ఇది సదివి రావద్దు. సదివి ఊకో. నువ్వొస్తే అత్తవ్వ కాడ బాపు మాట పోతది.

కొమురెల్లి, నాలుగో తరగతి

•

ఉట్నూరు,
14 ఆగస్టు 1964

కొమురెల్లి బాపుకు.

బంతులు అందాయి. గూడెంలో ఒక పిల్ల ఎర్ర బంతిని పండ్లతో చీల్చింది. లోపల నా కొడుకు చేతిరాత ఉంది.

మీరు నాకు గుండీ సంగతి పేజీ నిండా రాశారు. కొడుకు తప్పిపోయిన సంగతి "కారణం ఏమీ లేదు" అని మూడు మాటల్లో రాశారు. నేను ఆ ఉత్తరం షెడ్డులో అందరికీ చదివి, కడుపు పట్టుకొని నవ్వాను. నేను నవ్వుతున్న సమయానికి వాడి కాళ్ళ బొబ్బలు ఇంకా మానలేదు.

పరాయి పిల్లలకు పాట నేర్పడానికి వచ్చి, నా పిల్లవాడికి నా ముఖం ఎట్లా ఉంటుందో అన్నతో చెప్పించుకునే గతి పట్టించాను. ఈ చదువు నాకు వద్దు. పెద్ద టీచరమ్మకు చెప్పాను. పై శుక్రవారం సెలవు ఇస్తానంది. ఆ రోజు బయలుదేరుతాను. శంకరవ్వ వదినె ఏమన్నా అననివ్వండి. ఆమె అన్నదే నిజమైంది.

కొమురెల్లిని ఏమీ అనకండి. ఒక్క మాట అన్నా ఊరుకోను.

సక్కుబాయి

•

మెట్‌పల్లి,
18 ఆగస్టు 1964

సక్కుబాయికి.

శుక్రవారానికి ముందే అందాలని ఈ ఉత్తరం కండక్టరు చేతికే ఇస్తున్నాను. గుడిహత్నూరులో జీపువాడికి ఇస్తానన్నాడు.

దాచాను. తప్పు నాదే. కొమురెల్లిని ఏమీ అనలేదు. వాడు బంతి కుట్టిన కుట్టు చూశాను గానీ లోపల కాగితం ఉందని అనుమానం రాలేదు. అంత సన్నగా కుట్టాడు. వాడు నా కంటే మంచి దర్జీ అవుతాడు.

దాచినవన్నీ ఇప్పుడే కక్కేస్తాను. నీలిమందు బాలమల్లు తలకే. ఇప్పటికీ చెవుల వెనక ఉంది. కొమురెల్లి పప్పులో ఉప్పనుకొని చాకలి సోడా వేశాడు. ముగ్గురికీ జలుబు చేసింది, తగ్గింది. పొరుగింటి కోడిపెట్టకు లాగు కుట్టి తొడిగారు. కొలతలు సరిగ్గా తీశారు గానీ కోడి ఒప్పుకోలేదు. నాకు నాలుగు రోజులు జ్వరం వచ్చింది. అక్క వచ్చి అంబలి కాచి పోసింది, పోస్తున్నంతసేపూ తిట్టింది. ఇంకేమీ లేదు. బాలమల్లుకు దిక్కులు నేర్పాను. ఇప్పుడు వాడు నిద్రలో కూడా ఉత్తరం ఎటో చూపిస్తాడు.

నువ్వు వస్తే నాకు సంతోషం కాదా? ఈ గోడలకు కూడా సంతోషమే. కానీ వచ్చినదానివి మళ్ళీ పోవు. పోనివ్వరు. "పోయి ఏం జేసినవ్" అని బావికాడ రోజూ అడుగుతారు, నువ్వు రోజూ తల వంచుకుంటావు. నేను అది చూడలేను.

నీకు గుర్తుందో లేదో. నీ దగ్గర అక్షరాలు నేర్చుకునేటప్పుడు "ళ" రాయలేక పలక విసిరికొట్టాను. మగవాణ్ని, మొగుణ్ని, రోషం వచ్చింది. నువ్వు కొట్టలేదు, తిట్టలేదు, భయపెట్టలేదు. పలక తెచ్చి మళ్ళీ నా ఒళ్ళో పెట్టి, "ఇంకొక్కసారి" అన్నావు. నువ్వు టీచరమ్మవని మీ పెద్ద టీచరమ్మ కంటే ముందు నాకు ఎరుక.

ఇక మీద నేను ఏదీ దాచను. నువ్వూ దాచకు. దీనికి ఒప్పుకుంటే శుక్రవారం బస్సు ఎక్కకు.

హనుమండ్లు

•

ఉట్నూరు,
6 సెప్టెంబరు 1964

కొమురెల్లి బాపుకు సక్కుబాయి నమస్కరించి రాయునది.

బస్సు ఎక్కలేదు. మూట మూడు రోజులు తల కింద పెట్టుకొని పడుకున్నాను, నాలుగో రోజు విప్పాను. కోడిపెట్ట లాగు సంగతి చదివి ఏడుస్తూ నవ్వాను. దేవవ్వ భయపడి టీచరమ్మను పిలుచుకొచ్చింది.

గూడెం పిల్లలు వస్తున్నారు. మీ బంతులు పని చేశాయి. మొదటి రోజు ఒకటి చేను గట్టు మీదికి విసిరాను. ఒక చేయి వచ్చి తీసుకుపోయింది. ఇంకొకటి విసిరాను. నలభై బంతులూ పోయాయి, ఒక్క పిల్లా రాలేదు. మర్నాడు పద్నాలుగు మందీ బంతులు తెచ్చి నా ముందర కుప్ప పోసి, మళ్ళీ విసరమని నిలబడ్డారు. ఇప్పుడు నాకు గోండి మాటలు అరవై దాకా వచ్చు, అన్నీ వాళ్ళు నేర్పినవే. తప్పు పలికితే పడి పడి నవ్వుతారు. నన్ను కొట్టరు, తిట్టరు.

దాచకు అన్నారు. ఇక రాస్తున్నాను.

నాకు కొలువు మెట్‌పల్లిలో ఇవ్వరు. ఈ గూడెంలోనే ఇస్తారు, రెండేండ్లు తప్పనిసరి. వచ్చిన మొదటి వారమే కాగితం మీద సంతకం తీసుకున్నారు. భయపడుతూ పెట్టానని రాద్దామనుకున్నాను గానీ, ఇప్పుడు ఒప్పందం ఉంది గదా. సంతోషంతో పెట్టాను. నా పేరు పక్కన "టీచరు" అని రాసి ఉంది. ఆ క్షణంలో నాకు మీరూ పిల్లలూ గుర్తు రాలేదు. జీపులో మేకపిల్ల సంగతి రాసిన నేను, ఈ సంగతి రెండు నెలలు రాయలేకపోయాను. మీ మీద కోపంతో రాసిన ఉత్తరంలో కూడా రాయలేదు.

వద్దంటే కాగితం తిరిగి ఇచ్చేస్తాను. మీరు ఎట్లా అంటే అట్లా.

సక్కుబాయి

•

మెట్‌పల్లి,
21 అక్టోబరు 1964

చి.ల.సౌ. సక్కుబాయికి హనుమండ్లు ఆశీర్వదించి రాయునది.

నెల దాటి పది రోజులు జవాబు రాయలేదు. దాచకూడదు కాబట్టి చెప్తున్నాను, మొదటి వారం కోపం. మిషిను మీద కూర్చుంటే కుట్టు వంకర పోయింది. ఒక లాగుకు రెండు కాళ్ళూ ఎడమవే కుట్టాను. రెండో వారం దసరా గుడ్డలు మీద పడ్డాయి, కోపపడే తీరిక దొరకలేదు. మూడో వారం కోపం ఎక్కడ పెట్టానో దొరకలేదు. అప్పుడు బెంగ మొదలైంది. రెండేండ్లు ఇట్లా ఎట్లా అని. రాయడానికి కూర్చున్నప్పుడల్లా "ఇక్కడ మేమందరం క్షేమం" దగ్గర కలం ఆగిపోయింది.

సద్దుల బతుకమ్మ నాడు పొద్దున్నే కొమురెల్లి, బాలమల్లు కనబడలేదు. నా గుండె మళ్ళీ కోరుట్ల తొవ్వ పట్టింది. కాసేపటికి తంగేడు, గునుగు మోపులు కట్టుకొని వచ్చారు. "అవ్వ లేకుంటే మనింట్ల బతుకమ్మ ఉండద్దా?" అన్నాడు బాలమల్లు. నలుగురు మొగోళ్ళం కూర్చొని పేర్చాం. నాకు పూలు పేర్చడం రాదు, సూదీ దారం తెచ్చి గుచ్చాను. ఎంత గుచ్చినా ఒక పక్కకు ఒరిగింది, కల్లు తాగిన మనిషి లెక్క.

అక్క వచ్చి నడుము మీద చేతులు పెట్టి చూసింది. "గిదేంది రా? బతుకమ్మనా, కూలిన గోడనా?" అన్నది.

"మా అవ్వది" అన్నాడు భూమన్న.

అక్క కూర్చొని పై మూడు వరుసలు తీసి మళ్ళీ పేర్చింది. తన బతుకమ్మను కోడలి చేతికిచ్చి, మనదాన్ని తాను ఎత్తుకొని పోయింది. ఆడవాళ్ళు నవ్వారట. "నవ్వుడు అయిపోతే పాట అందుకోండ్రి" అన్నదట.

తిరిగి వచ్చాక నా ముఖం చూసి అడిగింది. చెప్పేశాను. రెండేండ్లు, ఉట్నూరు, గూడెం, అన్నీ. నేను అనుకున్న తిట్లేవీ రాలేదు.

"రెండేండ్లు ఆమె ఆడ, నువ్వు ఈడనా? గదేం సంసారం రా?" అన్నది.

"మరేం జెయ్యమంటవక్కా? కాగితం వాపసు ఇయ్యమని రాయాల్నా?"

"ఎందుకిస్తది? ఐదు నెలలు కష్టవడి సదివింది వాపసు ఇచ్చెటందుకా? నీ మిషినుకు భూమిల వేర్లున్నయా? ఉట్నూరుల మనుషులు అంగీలు తొడుగరా?"

సక్కుబాయీ, ఈ మాట నాకు నెల కిందనే తోచవలసింది. నలభై రోజులు గుడ్డ చేతిలో పట్టుకొని, ఎక్కడ కత్తిరించాలో తెలియక తిప్పాను. అక్క ఒక్క గీత గీసి చూపించింది.

పెండ్లిళ్ళ గుడ్డలు ఒప్పుకొన్నాను, అవి పూర్తిచేసి సంక్రాంతికి ముందే మిషినుతో వస్తాను. నీ శిక్షణ ముగియగానే పిల్లలు ముందు వస్తారు. అక్క తానే తీసుకొస్తానంటున్నది. "నీ చేతుల వెడితే ముగ్గుర్ల ఒకడు కోరుట్లల దిగుతడు" అన్నది. ఆమె పుట్టి ఇప్పటిదాకా గోదావరి దాటలేదు.

కాగితం వాపసు ఇయ్యకు.

హనుమండ్లు

•

ఉట్నూరు పక్క గూడెం,
13 డిసెంబరు 1964

కొమురెల్లి బాపుకు సక్కుబాయి నమస్కరించి రాయునది.

ముగ్గురూ, శంకరవ్వ వదినె కూడా క్షేమంగా చేరారు. సోన్ వంతెన మీద బస్సు ఆపించి, వదినె గోదావరిలో రూపాయి వేసిందట. డ్రైవరు కసిరితే, "నువ్వు రోజు జూస్తవు, నేను ఇయ్యాల్నే జూస్తున్న, జర ఆగు" అన్నదట. ఇక్కడికి వచ్చిన గంటలోనే ఇల్లంతా చూసి, పొయ్యి తప్పు దిక్కున ఉందని పడగొట్టి మళ్ళీ వేసింది. గూడెం ఆడవాళ్ళతో ఆమె తెలుగులో, వాళ్ళు గోండిలో గంటలు గంటలు మాట్లాడుకుంటున్నారు. అరవై మాటలు నేర్చిన నాకే అర్థం కావడం లేదు, వాళ్ళకు అన్నీ అర్థమవుతున్నాయి. పదిహేను రోజులుండి నిన్ననే పోయింది. పోతూ, "ఏడ్సుకుంట ఉరికొస్తవ్ అన్న గద, రాకపోతివి. మంచిగ జేసినవ్" అన్నది.

నన్ను చూసి పిల్లలు ఏం చేశారో దాచకుండా రాస్తున్నాను. జీపు దిగగానే పెద్దవాళ్ళిద్దరూ వచ్చి నన్ను కరుచుకున్నారు. భూమన్న రాలేదు. అత్త కొంగు వెనక నిలబడి నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "గామెనా?" అని కొమురెల్లిని అడిగాడు. నేను చేతులు చాచలేదు. బలవంతం చేయకూడదని పాఠంలోనే ఉంది. అంత కష్టమైన పాఠం ఇంకొకటి లేదు. మూడు రోజులు వాడు నాతో చుట్టాలతో మాట్లాడినట్టు మాట్లాడాడు. నాలుగో పొద్దున నేను పిండి విసురుతుంటే వచ్చి, చెప్పకుండా నా ఒళ్ళో కూర్చొని, పుట్టుమచ్చ మీద వేలు పెట్టి, "నువ్వే" అన్నాడు. ఆ రోజు రొట్టెలు ఆలస్యమయ్యాయి.

కొమురెల్లి, బాలమల్లు ఉట్నూరు బడికి పోతున్నారు. భూమన్న నా బాల్వాడికే వస్తున్నాడు. మొదటి రోజు దారిలో వాడికి గట్టిగా చెప్పాను: "బిడ్డా, ఇంట్ల నేను నీకు అవ్వను. బడ్ల మాత్రం అందరి లెక్కనే టీచరమ్మా అనాలె. సమజైందా?" వాడు దారి పొడుగునా టేకుచెట్లకు చెప్పుకుంటూ నడిచాడు, "టీచరమ్మా, టీచరమ్మా" అని.

పోయిన వారం జిల్లా నుంచి ఒక అధికారి వచ్చాడు, బడి ఎట్లా నడుస్తున్నదో చూడడానికి. నేను పాట పాడించి, బంతులాట ఆడించాను. ఇరవై రెండు మంది పిల్లలు. ఆయన సంతోషపడి, "మీ అబ్బాయి కూడా వీళ్ళలోనే ఉన్నాడట గదా, నేనే కనిపెడతాను చూడండి" అన్నాడు.

కనిపెట్టడం అంత సులువు కాదని ఆయనకు తెలియదు. బాలమల్లు రోజూ సాయంత్రం బడి నుంచి వచ్చి గూడెం మొదటి నుంచే "అవ్వా, ఆకలైతుంది" అని అరుచుకుంటూ వస్తాడు. అది విని విని, నా పేరే అవ్వ అనుకున్నారు పిల్లలందరూ. ఒకడు నా కొంగు పట్టుకొని "అవ్వా" అన్నాడు. ఆయన వాణ్ని చూపించి, "వీడే" అన్నాడు. కాదన్నాను. ఒక పిల్లవాడు "అవ్వా" అని వచ్చి నా వీపు మీద ఎక్కాడు. "అయితే వీడు." కాదన్నాను. అంతలో నలుగురు "అవ్వా, అవ్వా" అని బంతి కోసం మీద పడ్డారు. ఆయన వేలు గాలిలోనే ఆగిపోయింది.

అప్పుడు వెనక వరుసలో ఒకడు లేచి, చేతులు కట్టుకొని, నిటారుగా నిలబడి, "టీచరమ్మా, ఒంటికి పోయొస్త" అన్నాడు.

"అడుగో, వాడే నా కొడుకు" అన్నాను. "వీళ్ళందరిలో నన్ను టీచరమ్మా అనేది వాడొక్కడే."

ఇట్లు,
సక్కుబాయి